నీతి వాక్యం దాకా

"మూడో భాగంలో ఒకరు చావాలి," అన్నాడు ఆంబ్రోస్ విన్‌కాట్, గుమ్మంలో నిలబడి.

థామసిన్ ఆయన మెడపట్టీలు ఇస్త్రీ చేస్తోంది. ఆదివారం చర్చిలో ప్రసంగానికి లేచినప్పుడు పాదిరీ గారి గడ్డం కింద వేలాడే రెండు తెల్లగుడ్డ ముక్కలు అవి. గంజి ఎక్కువైతే ఆయన మెడ గీసుకుపోతుంది, తక్కువైతే దేవుడికే అవమానం. పదకొండేళ్ల కాపురంలో ఆ రెంటికీ మధ్య పాళం ఎక్కడుందో ఆవిడ వేళ్లకే తెలిసిపోయింది. అందుకని పని చేస్తూ వినడం, వింటూ ఇంకేదో ఆలోచించుకోవడం ఆవిడకి అలవాటే.

"ఎవరు చావాలండీ?" అంది, రేపటికి ఏ కోడిని కొయ్యమంటారు అన్నట్టు.

"బార్నబీ."

ఇస్త్రీపెట్టె పట్టీ మీద ఆగిపోయింది.

"వాడు పోయాడు కదండీ. పద్నాలుగు నెలలయింది."

"అదే కదా నేను చెప్పేది! కల్పించక్కర్లేదు. మొదటి రెండు భాగాల్లో మన పిల్లలు తప్పులు చేశారు, దిద్దుకున్నారు. బాగానే ఉంది. కానీ లండన్ నుంచి పిల్‌బీమ్ ఏం రాశాడో చూశావుగా? ఈమధ్య వస్తున్న నీతి పుస్తకాలన్నిట్లో మాట వినని పిల్లలు ఒకరైనా చచ్చిపోతున్నారట. తల్లిదండ్రులు అవే అడుగుతున్నారట. మనకి ఇంట్లోనే ఉండగా..." అక్కడ కాస్త తడబడి, మళ్లీ అందుకున్నాడు. "జనవరిలో వాడు నా మాట కాదని గడ్డకట్టిన చెరువు మీద జారుడాటకి పోయాడు. జబ్బు చేసింది. పోయేముందు నన్ను క్షమాపణ అడిగాడు. పది పేజీలు చాలు. శుక్రవారం బండికి అందాలి. ఆ పట్టీ మాడుతున్నట్టుంది, చూసుకో."

మాడింది. తెల్లటి గుడ్డ మీద పెట్టె మొన ఆకారంలో గోధుమరంగు మచ్చ. పొయ్యి పక్క కుర్చీలో అల్లికసూదులు ఆడిస్తున్న అత్తగారు తల కూడా ఎత్తకుండా, "చేతులిక్కడ, మనసెక్కడో," అంది. "పోయినవాడు ఎలాగూ పోయాడు అమ్మాయ్. వాడి చావు నలుగురు పిల్లలకి బుద్ధి చెప్తుందంటే సంతోషించాలి గానీ, గుడ్డలు కాల్చుకుంటే ఎలా?"

థామసిన్ ఇంకో పట్టీ తీసి తడిపింది.

ఆ పుస్తకాల సంగతి చెప్పాలి. పాదిరీ విన్‌కాట్ గారి గృహనీతి కథలంటే అప్పటికి దేశంలో చదువుకున్న ఇల్లు ఏదైనా ఎరుగును. మొదటి పుటలోనే పెద్దక్షరాలతో ఉంటుంది: ఒక తండ్రి తన సొంత పిల్లల జీవితం నుంచి రాసినవి, ఇందులో ప్రతి మాటా నిజం. మొదట్లో ఆయనే రాద్దామనుకున్నాడు పాపం. 'అసత్యము', 'దురాశ', 'అవిధేయత' అని శీర్షికలు వరసగా పెట్టుకుని మూడు వారాలు కూర్చున్నాడు. శీర్షికలు దాటి కలం కదల్లేదు. పిల్లల గురించి రాయాలంటే పిల్లలు ఏం మాట్లాడతారో తెలియాలి కదా, ఆయన గదికేమో పిల్లలు రాకూడదని ఆజ్ఞ. "నువ్వు వాళ్ల దగ్గరే ఉంటావుగా, ఏవో నాలుగు ముక్కలు గిలికి పెట్టు, నేను దిద్దుతాను," అన్నాడు. ఆవిడ రాసింది. ఆయన రెండు కామాలు తీసేసి సంతకం పెట్టాడు. అప్పట్నుంచీ అదే వరస. పుస్తకాల షావుకారు పిల్‌బీమ్‌కి ఉత్తరాలు రాసేదీ ఆవిడే, ఆయన పేరుతో, ఆయన మాటగా. లండన్‌లో విన్‌కాట్ గారి చేతిరాత అంటే థామసిన్ చేతిరాతే. ఎవరైనా ఆయన్ని పొగిడితే మాత్రం ఆయన పెద్దమనసుతో, "మా ఆవిడ సాపు ప్రతి రాసిపెడుతుంది, చూడచక్కని దస్తూరీ," అనేవాడు.

అంతవరకూ అయితే ఆవిడ సర్దుకుపోయేదే. చాకిరీలో అదొక చాకిరీ. తంటా అంతా ఆ 'ప్రతి మాటా నిజం' దగ్గర వచ్చింది.

మొదటి భాగం రాసే రోజుల్లో ఒక మధ్యాహ్నం, జుడిత్ నిద్రపోతుంటే, ఒక బొమ్మ కథ కల్పించి రాసింది. జుడిత్ తనకెంతో ఇష్టమైన కొయ్యబొమ్మని వడ్రంగి కూతురికి నవ్వుతూ ఇచ్చేస్తుంది. అంతే కథ. ఆయన చదివి మురిసిపోయి, పుట మూసి, "ఇది ఎప్పుడు జరిగింది?" అని అడిగాడు. జరగలేదండీ అంటే మొహం నల్లబడింది. "నేను అబద్ధం అచ్చు వేయించాలా? నా పేరు మీద?" ఆ సాయంత్రమే ఐదేళ్ల పిల్లని వడ్రంగి ఇంటికి నడిపించుకెళ్లి బొమ్మ ఇప్పించాడు. పిల్ల ఏడ్చుకుంటూ ఇచ్చింది. కథలో నవ్వుతూ అని ఉంది. మర్నాడు మళ్లీ వెళ్లి, వడ్రంగి కూతురి దగ్గర బొమ్మ వెనక్కి తీసుకుని, మళ్లీ ఇప్పించాడు. మూడోసారికి జుడిత్ పళ్లన్నీ కనిపించేలా నవ్వింది. ఇప్పుడు పుస్తకం నిజమైంది. ఆ ఇంట్లో జరిగినవి పుస్తకంలోకి ఎక్కవు, పుస్తకంలోకి ఎక్కినవి జరుగుతాయి. థామసిన్‌కి ఆ సంగతి తెలిసేసరికి కలం పట్టుకోవాలంటే చెయ్యి ఆడటం మానేసింది. రాసే ప్రతి వాక్యం వెళ్లి పిల్ల వీపు మీద పడుతుంది మరి.

పడమటి దీవుల చెరకుతోటల్లో బానిసల నెత్తుటితో పండిన చక్కెర ఈ ఇంట్లో తినమని రెండో భాగంలో రాసింది. అది మంచి మాటే. పిల్ల టీలో చక్కెర మానేసింది, అత్తగారి మంచం కింద డబ్బాలో మాత్రం చక్కెరకి ఏనాడూ లోటు రాలేదు. "నేను పుస్తకంలో లేనుగా," అనేది ముసలావిడ. ఆ ఇంటికంతా నిజం చెప్పేది ఆవిడొక్కతేనేమో.

సరే, అసలు జరిగింది ఏమిటంటే.

పెళ్లీ పిల్లలూ లేని ఎవరో పెద్ద తత్వవేత్త ఎప్పుడో రాశాడట, పిల్లల్ని చిన్నప్పుడే రాటు తేల్చాలని. తలకి టోపీ పెట్టరాదు. నీళ్లు లోపలికి వచ్చేలా జోళ్లకి చిల్లులుండాలి. పొద్దున్నే చన్నీళ్లు, చలికాలమైనా సరే. ఆంబ్రోస్ ఆ పుటలు చదివిన రోజు నుంచి పెరట్లో చేతిపంపు దగ్గర బార్నబీని నిలబెట్టడం మొదలైంది. ఆడపిల్లకి అక్కర్లేదన్నాడు, బతికిపోయింది. ఆయన కిటికీ లోపల, కంబళి కప్పుకుని, చేతిలో గడియారంతో నిలబడేవాడు. కీళ్లనొప్పులాయనకి, తడవకూడదు. నీళ్లు పొయ్యడం థామసిన్ పని.

ఆ జనవరిలో వాడికి నాలుగు రోజులుగా దగ్గు. తొట్టెలో నీటి మీద పలచగా మంచు పొర కట్టింది. "ఈ ఒక్కరోజు ఆపుదామండీ," అంది. "ఈ ఒక్కరోజు అనే మాటతోనే మనిషి పతనం మొదలవుతుంది," అన్నాడు ఆయన కిటికీలోంచి. బార్నబీ ఆరేళ్లవాడు, ముక్కు ఎర్రగా, పక్కటెముకలు లెక్కపెట్టేలా నిలబడి తల్లి మొహంలోకి చూసి చిన్నగా, "నువ్వయితే మెల్లిగా పోస్తావు కదమ్మా," అన్నాడు. ఆవిడ మంచు పొర చెంబుతో పగలగొట్టి పోసింది. మెల్లిగానే పోసింది. తొమ్మిదో రోజుకి వాడు పోయాడు. ఆఖర్న వాడు ఎవరినీ క్షమాపణ అడగలేదు. చిల్లుల్లేని జోళ్లు అడిగాడు.

ఇప్పుడు ఆ కథే, చెరువు పెట్టి రాయాలి.

రాసింది. ఇంకేం చేస్తుంది? కొట్టుగదిలో, పచ్చళ్ల జాడీల మధ్య బల్ల మీద, పిండి చేతులు తుడుచుకుని రాసింది. పద్నాలుగు నెలలుగా ఆ పిల్లాడి పేరు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు కాగితం మీద వాడు మళ్లీ పరిగెత్తాడు, మంచు మీద జారాడు, కేరింతలు కొట్టాడు. చచ్చిపోయే ముందు ఒక్క మధ్యాహ్నమైనా అబద్ధంలోనైనా వాడు ఆడుకున్నాడు కదా అనిపించి, ఆ భాగం కాస్త పొడిగించింది. తర్వాత మంచం, జ్వరం, తండ్రి చెయ్యి పట్టుకుని క్షమాపణ. తను రాసిన అబద్ధానికి తనకే కళ్లవెంట నీళ్లు కారాయి. అంత బాగా కుదిరినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

"బాగుంది," అన్నాడు ఆంబ్రోస్. "ఆ ఆటంతా ఎందుకు అంత సాగదీశావు? చదివే పిల్లలకి ఆశ పుడుతుంది. సగానికి కొట్టెయ్. చెరువు దగ్గర వాణ్ని ఎవరో ఒకరు చూడాలి, లేకపోతే సాక్ష్యం ఏదీ? జుడిత్ చూసిందని రాయి. చూసి కూడా నాతో చెప్పలేదు. రెండు నీతులు ఒక్క కథలో."

"జుడిత్ చూడలేదండీ. చూడటానికి అసలు..."

"గుర్తు తెచ్చుకుంటుంది."

ఎందుకంత తొందరంటే, వసంతంలో లేడీ డ్రేకోట్ వస్తుంది. ప్రతి భాగమూ అచ్చయి రాగానే ఆ మహాతల్లి బండి కట్టించుకుని వచ్చి, కథలో పిల్లని ముందు నిలబెట్టుకుని, నిజంగా ఇచ్చావా బొమ్మ, నిజంగా మానేశావా చక్కెర అని అడుగుతుంది. పెద్ద చర్చికి పాదిరీని నియమించే హక్కు ఆవిడ చేతిలో ఉంది. ఆంబ్రోస్ ఆ చర్చి మీద మూడేళ్లుగా కన్నేసి ఉన్నాడు.

జుడిత్‌కి తొమ్మిదేళ్లు. తండ్రి గదిలోకి పిలిచి, "ఆ రోజు తమ్ముణ్ని చెరువు దగ్గర చూశావు. ఎందుకు చెప్పలేదు?" అని అడిగాడు.

"నేను చూడలేదు నాన్నగారూ."

"గుర్తు తెచ్చుకో."

"చూడలేదండీ."

అబద్ధమాడే పిల్లలకి ఆ ఇంట్లో మౌనశిక్ష. కనీసం మూడు రోజులు, ఆ పైన నిజం ఒప్పుకునేదాకా ఇంట్లో ఎవరూ ఆ పిల్లతో మాట్లాడకూడదు, ఆ పిల్ల వైపు చూడకూడదు, అన్నం కంచం బల్ల మీద పెట్టి వెళ్లిపోవాలి. ఆ శిక్ష కనిపెట్టిందెవరో తెలుసా? థామసినే. రెండో భాగంలో 'అసత్యము' కథలో రాసింది, బెత్తం కన్నా నయం కదా అనుకుని. ఇప్పుడు నాలుగు రోజులు ఆ కథ ప్రకారమే పిల్ల ముందు కంచం పెట్టి తల తిప్పుకుని వెళ్లింది. మాట్లాడితే శిక్షకి ఇంకో రోజు కలుస్తుంది, అది కూడా తను రాసిందే. వంటమనిషి కెజియా ఒకసారి గొంతు పెగలని పిల్లకి దగ్గు బిళ్ల ఇచ్చి, "చప్పరించు తల్లీ" అన్న పాపానికి ఒకరోజు కలిసింది. మూడో రోజు జుడిత్ పిల్లితో మాట్లాడుతుంటే ఆంబ్రోస్ పిల్లిని బయట పెట్టించాడు. ఐదో రోజు పొద్దున్న పిల్ల తనంతట తనే వెళ్లి తండ్రి గది తలుపు తట్టింది.

"చూశాను నాన్నగారూ."

ఆయన నుదుటి మీద ముద్దు పెట్టుకుని, "చూశావా, నిజం చెప్పడం ఎంత తేలికో!" అన్నాడు. ఆ సంతోషంలో పిల్లకి ఉడికించిన గుడ్డు ఇప్పించాడు.

అంతటితో అయిపోయిందనుకుంది థామసిన్. లేడీ గారి ముందు ఒక అబద్ధం చెప్తుంది, ఆవిడ వెళ్లిపోయాక మరిచిపోతుంది, పిల్లలు మరిచిపోతారు అనుకుంది. వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం తల్లీకూతుళ్లిద్దరూ వంటింటి మెట్ల మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తున్నారు. జుడిత్ ఒక పాయ చేతిలో పట్టుకుని ఎంతసేపటికీ ఒలవదు.

"అమ్మా. నేను అప్పుడే ఇంటికొచ్చి చెప్పుంటే తమ్ముడు బతికేవాడా?"

"నువ్వు చూడలేదు కదే తల్లీ," అంది థామసిన్ గొంతు తగ్గించి.

"చూశానమ్మా. ఎర్ర టోపీ పెట్టుకున్నాడు. జారుతూ నాకేసి చెయ్యి ఊపాడు."

"వాడికి టోపీ ఎక్కడిదే? పెట్టనిచ్చారా ఎప్పుడైనా?"

పిల్ల మొహం ముడుచుకుపోయింది. తర్వాత తల్లి నోటికి తన చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి ఉల్లి వాసన వేస్తోంది. "అలా అనకమ్మా. నాన్నగారు వింటే మళ్లీ ఎవరూ మాట్లాడరు నాతో. పుస్తకంలో వస్తుందిగా? పుస్తకంలో ఉన్నవన్నీ నిజమే కదా? మరి నేను చూసే ఉంటాను. నా వల్లే పోయాడు."

థామసిన్ ఆ చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. ఒక పిల్లాడి మీద నీళ్లు పోసింది, అయిపోయింది. ఇప్పుడు రెండో పిల్ల మీద, ఇంకో రకంగా, అదే చేత్తో. ఈ పిల్ల చావదు. అరవయ్యేళ్లు బతుకుతుంది, తమ్ముణ్ని చంపుకున్నదాన్నని అనుకుంటూ. ఎంత ఒట్టు పెట్టి చెప్పినా నమ్మదు, ఎందుకంటే అమ్మ మాట మాటే, పుస్తకం పుస్తకం. ఆ నమ్మకం పిల్లకి నేర్పింది ఎవరు? ఒక్కో కథా కూర్చి కూర్చి, ఇంత చక్కగా, ఇంత నమ్మకంగా రాసింది ఎవరు? 'ఎంత సహజంగా రాస్తారండీ మీ ఆయన' అని ఊరంతా అంటుంటే లోపల్లోపల మురిసిపోయింది ఎవరు? మురిసిపోయింది, అబద్ధమెందుకు. పదకొండేళ్లలో ఆవిడకి దక్కిన సుఖం ఆ ఒక్క దొంగ మురిపెమే. దానికి ఖరీదు పిల్లలు కట్టారు.

మూడు వారాలకి లండన్ నుంచి ప్రూఫులు వచ్చాయి. అచ్చుతప్పులు దిద్దడం ఆంబ్రోస్ దృష్టిలో చిల్లర పని. కట్ట చూడగానే, "నీ ముక్కలు నీకొచ్చాయి," అని వంటింటి బల్ల మీద పడేసి పోతాడు. రెండు భాగాల్లోనూ ఒక్క ప్రూఫు కాగితం ఆయన తిరగేసి చూసిన పాపాన పోలేదు.

ఆ రోజు ఎండు ఆపిల్ ముక్కలు పాకంలో మరగబెట్టడం ఉంది. కెజియాని గరిట దగ్గర కూర్చోబెట్టి, థామసిన్ కొట్టుగదిలోకి వెళ్లి తలుపు జారేసుకుంది. బార్నబీ కథ పది పేజీలూ బల్ల మీద పరిచింది. చట్టం ప్రకారం పిల్లలు తండ్రి సొత్తు. ఆయన తలుచుకుంటే ఆవిణ్ని కట్టుబట్టలతో గడప దాటించి, జుడిత్‌ని జన్మలో కంటికి కనపడనివ్వకుండా చెయ్యగలడు. ఊళ్లో ఒక్కరు అడ్డుపడరు. పుట్టింట్లో అన్న ఉన్నాడు, తప్పు నీదే అయ్యుంటుంది అంటాడు. ఇవన్నీ ఆవిడ ఆలోచించలేదని కాదు, ఒక్కొక్కటీ ఆలోచించింది. ఆలోచించి, మొదటి వాక్యం మీద అడ్డంగా గీత కొట్టింది. రెండోది. మూడోది. పది పేజీలూ కొట్టేశాక, అంచుల్లోనూ వెనకాలా కొత్త కథ రాయడం మొదలుపెట్టింది. పెరట్లో పంపు ఎక్కడుందో, నీటి మీద పొర ఎంత మందమో, ఎవరు ఎక్కడ నిలబడ్డారో. ఒక్క మాట కల్పించలేదు. ఇంత సులువుగా ఆవిడ ఎప్పుడూ రాయలేదు. చివర ఒక చీటీ పెట్టింది: 'పిల్‌బీమ్ గారికి. ఈ కథ విషయమై నా మనస్సాక్షితో ఆలోచించుకుని మార్చాను. ఒక్క అక్షరం విడవకుండా ఇలాగే అచ్చు వేయగలరు. ఇట్లు, ఆం. విన్‌కాట్.'

"అమ్మగారూ, పాకం అడుగంటుతోందేమో," అంది కెజియా తలుపవతల నుంచి.

"వస్తున్నా," అంది. వచ్చి చూస్తే పాకం బాగానే ఉంది.

లండన్ నుంచి తిరుగు ప్రశ్న ఏమీ రాలేదు. చేతిరాత పాదిరీ గారిదే కదా. ఎంత నిజాయితీపరుడో ఈయన అని అక్కడ ముక్కున వేలేసుకున్నారేమో కూడా.

మే నెలలో పుస్తకాలు వచ్చాయి. మొదటి ప్రతి విప్పడం ఆ ఇంట్లో ఒక వేడుక. అచ్చాఫీసు నుంచి వచ్చిన పుస్తకంలో పుటలు మడతల దగ్గర కొయ్యకుండా ఉంటాయి కదా, అతిథులందరి ముందూ ఆంబ్రోస్ దంతపు కత్తితో ఒక్కో మడతా కోసి జుడిత్ చేతికిస్తాడు, పిల్ల నిలబడి పైకి చదువుతుంది. ఎత్తిన కథ నీతి వాక్యం దాకా చదవాలి, ఇల్లు తగలబడుతున్నా మధ్యలో ఆపకూడదు. అది ఆయన పెట్టిన నియమం. ఒకసారి జుడిత్‌కి ముక్కులోంచి రక్తం కారుతున్నా నీతి వాక్యం అయ్యాకే రుమాలు ఇచ్చారు.

లేడీ డ్రేకోట్ కుర్చీలో కూర్చుని గౌను సర్దుకుంది. చుట్టూ ఊరి పెద్దలు ఆరుగురు. చక్కెర లేని టీ మొహం చిట్లించకుండా తాగుతున్నారు.

"ఈసారి ఏడుపు కథ ఉందటగా," అంది లేడీ గారు. "రెండు రుమాళ్లు తెచ్చుకున్నాను." తర్వాత థామసిన్ వైపు తిరిగి, "మీకేంటమ్మా, అదృష్టవంతులు. ఇంత గొప్పాయన నీడలో చల్లగా బతికేస్తున్నారు. పొద్దు ఎలా పుచ్చుతారు?" అంది.

"ఇస్త్రీ చేస్తానండీ," అంది థామసిన్, కప్పు అందిస్తూ.

"మంచి వ్యాయామం."

ఆంబ్రోస్ దంతపు కత్తి తీశాడు. చర్రుమని మొదటి మడత కోశాడు. "నేరుగా మా బార్నబీ కథే విందాం," అని గొంతు బరువు చేసుకుని, పుటలు కోసి పిల్ల చేతికిచ్చాడు. జుడిత్ మొహం పాలిపోయి ఉంది. పొద్దున్నంతా పాఠం వల్లెవేసింది, చూశానండీ, చెప్పలేదండీ, నాదే తప్పండీ అని. పుస్తకం పైకెత్తి చదవడం మొదలుపెట్టింది.

"'బార్నబీకి ఆరేళ్లు. వాడికి టోపీ లేదు.'"

పిల్ల ఆగింది. అదే వాక్యం ఇంకోసారి కళ్లతో చదువుకుంది. తల్లి వైపు చూసింది. థామసిన్ టీ కెటిల్ పట్టుకుని కదలకుండా నిలబడింది.

"చదవమ్మా," అంది లేడీ డ్రేకోట్, రుమాలు సిద్ధం చేసుకుంటూ.

"'వాడి జోళ్లకి చిల్లులున్నాయి. అవి అరిగి పడ్డవి కావు, తండ్రి పొడిపించినవి. వాడు చెరువు దగ్గరికి ఎన్నడూ వెళ్లలేదు. జనవరిలో వాడికి నాలుగు రోజులుగా దగ్గు. అయినా పొద్దున్నే వాణ్ని పెరట్లో పంపు దగ్గర బట్టలు విప్పి నిలబెట్టారు.'"

"అచ్చాఫీసు వాళ్ల పొరపాటు," అన్నాడు ఆంబ్రోస్ నవ్వబోతూ. "ఇంకెవరిదో కథ కలిసిపోయినట్టుంది."

"అచ్చాఫీసు వాళ్లకి మీ అబ్బాయి జోళ్ల సంగతి ఎలా తెలుస్తుందండీ?" అంది లేడీ డ్రేకోట్. ఆవిడకి ఇప్పుడు రుమాలు అక్కర్లేకపోయింది. బజార్లో కొట్లాట దొరికినంత హుషారుగా ముందుకి వంగింది. "చదువు పిల్లా."

జుడిత్ చదివింది. మొదట్లో వణికిన గొంతు పోను పోను గట్టిపడింది. నీటి మీద మంచు పొర, కిటికీలో కంబళి, చేతిలో గడియారం, 'ఈ ఒక్కరోజు' అన్న మాట, దానికి వచ్చిన జవాబు. 'మెల్లిగా పోస్తావు కదమ్మా' దగ్గర గుమ్మంలో నిలబడ్డ కెజియా వంటకి కట్టుకున్న ముందుగుడ్డ నోట్లో కుక్కుకుంది. అత్తగారి సూదులు ఆగిపోయాయి.

"ఆపు!" ఆంబ్రోస్ లేచాడు. కత్తి కిందపడింది. "జుడిత్, ఆ పుస్తకం ఇటివ్వు. అమ్మా, లేడీ గారూ, ఇది నేను రాసింది కాదు. దైవసాక్షిగా ఒక్క ముక్క నాది కాదు. ఇది ఆవిడ రాసింది! నా భార్య! నాకు తెలియకుండా!"

లేడీ డ్రేకోట్ తాపీగా ఆయన్ని, తర్వాత థామసిన్‌ని చూసింది. "ఇదొక్కటేనా? మూడు భాగాలూనా?"

ఆంబ్రోస్ నోరు తెరిచాడు. ఏం చెప్పినా ఇరుక్కుంటాడు, ఆ సంగతి ఆయనకప్పుడే తట్టినట్టుంది. పొయ్యి పక్కనుంచి ముసలావిడ, ఎవరూ అడక్కుండానే, "మూడూ," అంది. "మా వాడికి శీర్షికలు తప్ప రావు."

"నువ్వు ఈ రాత్రి ఈ ఇంట్లో ఉండవు," అన్నాడు ఆయన థామసిన్‌తో, పళ్ల మధ్య నుంచి. "పిల్ల ఇక్కడే ఉంటుంది. దాని మొహం ఇంక చూడవు నువ్వు. తెలిసే చేశావా?"

"తెలిసే చేశానండీ," అంది థామసిన్. కెటిల్ బల్ల మీద పెట్టింది. ఒక్క బొట్టు ఒలకలేదు.

"జుడిత్! పుస్తకం!"

జుడిత్ పుస్తకాన్ని రెండు చేతులతో గుండెలకి అదిమిపట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసింది. కళ్లనిండా నీళ్లున్నా, గొంతులో మాత్రం ఆయన నేర్పిన క్రమశిక్షణే ఉంది.

"నీతి వాక్యం ఇంకా ఉంది నాన్నగారూ."

అని, పుట తిప్పి, నిటారుగా నిలబడి, ఆఖరి నాలుగు వాక్యాలూ ఒక్క అక్షరం తప్పకుండా చదివింది.

"'నీతి: చిన్నారులారా, ఈ కథలో పిల్లవాడి తప్పు ఏమీ లేదు. వాడి అక్క ఏదీ చూడలేదు, ఏదీ దాచలేదు, ఎవరేం చెప్పినా నమ్మవద్దు. నీళ్లు పొయ్యమన్నది తండ్రి. పోసింది నేను.'"